నీటిని నిలబెట్టిన ఇనుప గోడ: షీట్ పైల్ కథ, దాని కొలతల కథ

కెనడాలో నది ఒడ్డునో, సరస్సు ఒడ్డునో ఉన్న ఏ ఊరికి వెళ్ళినా మడతలు మడతలుగా, తుప్పు రంగులో నీళ్ళలోకి దిగిన ఇనుప గోడ ఒకటి కనిపిస్తుంది. పడవలు కట్టే రేవుకి అదే అంచు. వంతెన స్తంభం కట్టేటప్పుడు చుట్టూ నీటిని ఆపేదీ అదే. చాలామంది దాన్ని చూసి కూడా చూడనట్టే వెళ్ళిపోతారు. దాని పేరు షీట్ పైల్. ఒక రేకు పక్కన ఇంకో రేకు, ఒకదాని అంచు ఇంకోదాని అంచుతో లంకె వేసుకుని, సుత్తి దెబ్బలకి నేలలోకి దిగుతాయి. అలా వందలు చేరితే గోడ అవుతుంది.

నేను భూమికి, పునాదులకి సంబంధించిన ఇంజనీరుని. ఇలాంటి సంచికల్లో సాహిత్యం గురించి, సంగీతం గురించి, మన పండుగల గురించి మంచి వ్యాసాలు వస్తుంటాయి. కానీ ఇక్కడికి వచ్చిన మనవాళ్ళలో సగంమందికి అన్నం పెట్టిన ఇంజనీరింగు గురించి మనం రాసుకునేది తక్కువ. అందుకే ఈ ఇనుప గోడ చరిత్ర చెప్పాలనిపించింది. ఈ కథలో కెనడా ఉంది, గోదావరి ఉంది, మనుషుల ప్రాణాలు కూడా ఉన్నాయి.

ఇనుముకి ముందు

నీళ్ళ మధ్యలో పొడి నేల సంపాదించడం చాలా పాత సమస్య. రోమన్ల కాలంలోనే విట్రూవియస్ అనే వాస్తుకారుడు తన గ్రంథంలో దీనికొక పద్ధతి చెప్పాడు. నీళ్ళలో రెండు వరసల కొయ్య గుంజలు పాతి, మధ్యలో బంకమట్టి కూరి, లోపలి నీళ్ళు తోడేసి పునాది కట్టమన్నాడు. దాన్నే ఈనాడు కాఫర్ డ్యామ్ అంటున్నాం. ఆ తరవాత పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్ళపాటు ప్రపంచమంతా కొయ్య పలకలతోనే నడిచింది. 1822లో పీటర్ ఎవార్ట్ అనే బ్రిటిష్ ఇంజనీరు పోత ఇనుప పలకలకి పేటెంటు తీసుకున్నాడు కానీ, పోత ఇనుము పెళుసు. గట్టి నేలలో గట్టిగా కొడితే విరుగుతుంది.

మన దేశంలో దారి వేరు. మనది బావుల దారి. వరలు దించడం మన పల్లెల్లో తెలియనివారు లేరు. ఇసుక నేలలో వర పెట్టి, లోపలి ఇసుక తోడుతుంటే వర తన బరువుకి తానే దిగుతుంది. అదే పద్ధతిని పెద్దది చేసి మన నదుల్లో ఆనకట్టలకీ, వంతెనలకీ పునాదులు వేశారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టని ఆర్థర్ కాటన్ ఇసుక మీదే నిలబెట్టాడు. ఇసుకలో పునాది వేసి ఆనకట్ట కట్టవచ్చని తాను నేర్చుకున్నది కావేరి మీద కల్లణై కట్టిన పాతకాలపు వారినుంచేనని ఆయనే ఒప్పుకున్నాడు. 1900లో రాజమండ్రి దగ్గర రైళ్ళకు తెరిచిన హేవ్‌లాక్ వంతెన కూడా బావుల మీదే నిలబడింది. 1997లో రైళ్ళు ఆపేసేదాకా దాదాపు ఒక శతాబ్దం గోదావరి వరదల్ని తట్టుకుంది.

బావి పద్ధతికి తీరిక కావాలి, కూలీల చేతులు కావాలి. పడమటి దేశాల్లో రెండూ ఖరీదు. అందుకే ఇనుప రేకు అక్కడ పుట్టింది.

బ్రెమెన్‌లో పుట్టి బఫెలోకి

1902లో జర్మనీలోని బ్రెమెన్ నగరంలో ట్రిగ్వే లార్సెన్ అనే ఇంజనీరు ఒక చిన్న ఆలోచన చేశాడు. చదును రేకు సులువుగా వంగుతుంది. అదే రేకుని తొట్టిలాగా మడిస్తే వంగదు. పొలం గట్టుమీద కొబ్బరాకు ఈనెని చూసినా, ఇంటి కప్పు మీద ముడతల రేకుని చూసినా ఆ సంగతి తెలుస్తుంది. ఆయన తొట్టి ఆకారపు ఉక్కు ముక్కల్ని ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి పెట్టి, అంచుల్ని లంకె వేశాడు. మొదట్లో లంకె ముక్కని విడిగా రివెట్లతో బిగించేవారు. 1914 నాటికి రెండు అంచుల లంకెలూ రేకుతోపాటే రోలింగ్ మిల్లులో తయారయ్యాయి. ఇప్పటికీ ఐరోపాలో యు ఆకారపు రేకుల్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

అదే రోజుల్లో అమెరికాలో ఇంకో దారి నడిచింది. వాళ్ళు చదును రేకుల్నే తీసుకుని, లంకెలు మాత్రం గట్టిగా చేశారు. ఆ రేకులతో నీళ్ళలో గదులు కట్టి, లోపల మట్టి నింపేవారు. రేకు వంగకుండా ఆపడం అక్కడ పని కాదు, మట్టి బయటికి తోస్తుంటే పీపా చుట్టూ బిగించిన ఇనుప పట్టీలాగా పట్టి ఉంచడమే పని. ఇలాంటి గదుల కాఫర్ డ్యామ్ తొలిసారిగా పెద్ద ఎత్తున కట్టింది 1908లో, బఫెలో నగరంలోని బ్లాక్ రాక్ దగ్గర, ఓడల లాకు నిర్మాణం కోసం. మనలో చాలామంది పీస్ బ్రిడ్జి మీదుగా బఫెలో వెళ్ళినవాళ్ళమే. ఫోర్ట్ ఎరీ ఒడ్డున నిలబడి నయాగరా నది అవతలికి చూస్తే కనిపించేది ఆ చోటే. కెనడా గడపలోనే ఆ చరిత్ర మొదలైందన్నమాట.

ఆ వెంటనే ఆ పద్ధతికి ప్రపంచమంతా పేరొచ్చింది. 1898లో క్యూబాలోని హవానా రేవులో మునిగిపోయిన అమెరికా యుద్ధనౌక మెయిన్ చుట్టూ, 1910 తరవాత ఇరవై గుండ్రటి రేకు గదులు దించి, లోపలి నీళ్ళు తోడేసి, బురదలో కూరుకున్న ఓడని బయటపెట్టారు. పనికొచ్చే భాగాన్ని తేల్చి 1912 మార్చిలో సముద్రంలోకి తీసుకెళ్ళి లాంఛనంగా ముంచారు.

పేరులో అంకె దేనికి?

ఇక కొలతల దగ్గరికి వద్దాం. కెనడాలో పనిచేసే ఇంజనీరుకి రెండు లోకాల పట్టికలు చేతికొస్తాయి. పక్కనున్న అమెరికా సరుకు అంగుళాల్లో, పౌన్లలో వస్తుంది. ఐరోపా సరుకు మిల్లీమీటర్లలో వస్తుంది. మన డ్రాయింగులేమో మెట్రిక్‌లో ఉంటాయి. చిక్కంతా ఇక్కడే.

అమెరికా పట్టికలో పీజెడ్ 27 అని ఒక సెక్షన్ ఉంది. పీజెడ్ అంటే జెడ్ ఆకారపు పైల్. ఆ 27 ఏమిటి? గోడ ఒక చదరపు అడుగుకి 27 పౌన్ల బరువు ఉంటుందని. ఐరోపా పట్టికలో ఏజెడ్ 26 వరసలో ఒక సెక్షన్ ఉంది. ఆ 26 బరువు కాదు. గోడ ఒక మీటరు పొడవుకి సెక్షన్ మాడ్యులస్ 2,600 ఘన సెంటీమీటర్లని అర్థం. సెక్షన్ మాడ్యులస్ అంటే వంపుని తట్టుకునే శక్తికి కొలత. పీజెడ్ 27కి ఆ కొలత అడుగు పొడవుకి 30.2 ఘన అంగుళాలు, అంటే మీటరుకి సుమారు 1,620 ఘన సెంటీమీటర్లు. 26, 27 పక్కపక్కనే ఉన్న అంకెల్లా కనిపిస్తాయి. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే గోడ బలంలో మూడో వంతుకి పైగా పోతుంది!

కెనడాలో కొలతల గందరగోళానికి పెద్ద ఉదాహరణ ఒకటుంది. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానం ఒకటి ఆకాశంలో ఇంధనం అయిపోయి, మానిటోబాలోని గిమ్లీ దగ్గర ఇంజన్లు లేకుండానే దిగింది. లీటరు ఇంధనం బరువుని కిలోల్లో 0.8గా తీసుకోవలసిన చోట పౌన్ల లెక్క 1.77 తీసుకోవడం వల్ల, కావలసిన దానిలో సగం కూడా నింపలేదు. విమానం నడిపినవారి నేర్పువల్ల అందరూ బతికారు. నేల కింద గోడకి అలాంటి అదృష్టం సాధారణంగా ఉండదు.

వెడల్పు, ఎత్తు, మందం

షీట్ పైల్ పట్టికలో ముఖ్యంగా చూడవలసిన కొలతలు మూడు.

మొదటిది వెడల్పు. ఒక్కొక్క రేకు గోడ వెంబడి ఎంత దూరం కప్పుతుందన్నది. పీజెడ్ 27 వెడల్పు 18 అంగుళాలు, అంటే 457 మి.మీ. కొత్త ఐరోపా జెడ్ సెక్షన్లలో 700 మి.మీ., అంతకంటే వెడల్పైనవీ ఉన్నాయి. వెడల్పు ఎక్కువైతే వంద మీటర్ల గోడకి కొట్టవలసిన రేకులు తగ్గుతాయి, లంకెలు తగ్గుతాయి, నీరు కారే సందులూ తగ్గుతాయి. కానీ వెడల్పు రేకుని గట్టి నేలలోకి దించడం కష్టం, దానికి తగ్గ సుత్తి ఉండాలి.

రెండోది ఎత్తు, అంటే గోడ మందంలాగా కనిపించే మడతల లోతు. పీజెడ్ 27కి 12 అంగుళాలు, 305 మి.మీ. ఏజెడ్ 26-700కి 460 మి.మీ. వంపుని తట్టుకునే శక్తి ముఖ్యంగా దీనినుంచే వస్తుంది. ఉక్కుని మధ్య గీతకి ఎంత దూరంగా పెడితే అంత ప్రయోజనం. అందుకే ఎత్తైన సెక్షన్, తక్కువ ఉక్కుతోనే ఎక్కువ పని చేస్తుంది.

మూడోది రేకు మందం. పీజెడ్ 27కి 9.5 మి.మీ., ఏజెడ్ 26-700కి 12.2 మి.మీ. లెక్క ప్రకారం పలచటి రేకు సరిపోతుందనిపించినా, సుత్తి దెబ్బకీ, తుప్పుకీ మందం కావాలి. కాగితం మీద గెలిచిన సెక్షన్ బండరాయి తగిలిన చోట ఓడిపోతుంది.

ఇక ఆకారాలు. లార్సెన్ గారి యు ఆకారంలో లంకెలు గోడ మధ్య గీత మీద పడతాయి. గోడ వంగేటప్పుడు రాపిడి, జారుడు ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే. లంకెలు జారితే రెండు రేకులు ఒకటిగా పనిచేయవు, దేని బలం దానిదే. పట్టికలో రాసిన బలం అప్పుడు దక్కదు. అందుకే లంకెల్ని నొక్కి బిగించడమో, వెల్డింగు చేయడమో చేస్తారు. ఐరోపా నిబంధనల్లో దీనికోసం బలం తగ్గించే గుణకాలు కూడా పెట్టారు. జెడ్ ఆకారంలో లంకెలు బయటి అంచుల్లో ఉంటాయి కనక ఈ బెడద లేదు. చదును రేకుల సంగతి పూర్తిగా వేరు. పీఎస్ 27.5 లాంటి వాటిని వంపు కోసం ఎంచుకోకూడదు, లంకె లాగుడు బలం కోసమే ఎంచుకోవాలి. గుండ్రటి గది వ్యాసార్థం 9 మీటర్లు, లోపలి ఒత్తిడి చదరపు మీటరుకి 100 కిలోన్యూటన్లు అయితే లంకె మీద పడే లాగుడు మీటరుకి 900 కిలోన్యూటన్లు. లెక్క అంతే, ఒకటో రెండో హెచ్చవేత.

సెక్షన్ ఎంచుకోవడం ఎలా?

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. నా వృత్తిలో దానికింకో మాట కలుపుతాను: నీరు గోడనీ ఎరుగు. ఒక చిన్న లెక్క చూడండి. 4 మీటర్ల ఎత్తు పొడి ఇసుకని ఒక గోడ ఆపుతోందనుకుందాం. ఘనపు మీటరు ఇసుక బరువు 18 కిలోన్యూటన్లు, పక్కకి తోసేది అందులో మూడో వంతు. గోడ మీటరు పొడవు మీద పడే తోపుడు 48 కిలోన్యూటన్లు. అదే గోడ వెనక వానకో, వరదకో నీళ్ళు పైదాకా నిండాయనుకోండి. నీటిలో మునిగిన ఇసుక తేలికై దాని తోపుడు 24కి తగ్గుతుంది. కానీ నీరు ఒక్కటే 80 తోస్తుంది. మొత్తం 104. గోడ అదే, ఇసుక అదే, బరువు మాత్రం రెట్టింపు దాటింది. అందుకే మట్టి రిపోర్టులో నేను మొదట చూసేది నీటి మట్టం.

ఇంకో సంగతి. ఆసరా లేకుండా నిలబడిన గోడకి వంపు బలం ఎత్తుతోపాటు మామూలుగా పెరగదు, ఘనంగా పెరుగుతుంది. ఎత్తు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు. అందుకే నాలుగైదు మీటర్లు దాటితే గోడని వెనక్కి కడ్డీలతో కట్టడమో, లోపల దూలాలతో ఆనించడమో చేస్తారు.

లెక్కలో గోడ మీటరు పొడవుకి వంపు 300 కిలోన్యూటన్-మీటర్లు వచ్చిందనుకుందాం. 345 మెగాపాస్కల్ ఉక్కుని 65 శాతం దాకా వాడుకుంటే సుమారు 225 దొరుకుతుంది. భాగిస్తే కావలసిన సెక్షన్ మాడ్యులస్ మీటరుకి 1,333 ఘన సెంటీమీటర్లు. పీజెడ్ 22కి ఉన్నది 973. చాలదు. పీజెడ్ 27కి 1,620 కనక చాలుతుంది. చాలామంది కుర్రవాళ్ళు ఇక్కడితో ఆగిపోతారు. అసలు ఎంపిక ఇక్కడే మొదలవుతుంది.

తుప్పు మాటేమిటి? ఐరోపా నిబంధనల ప్రకారం మామూలు మంచినీటిలో, నీటి మట్టం దగ్గర 50 ఏళ్ళలో పోయే మందం ఒక వైపు 0.9 మి.మీ. సముద్రపు నీటిలో, అల తగిలే చోట 3.75 మి.మీ. అంటే 9.5 మి.మీ. రేకుకి రేవు వైపే మూడో వంతుకి పైగా పోతుంది. మంచినీరు కదా అని ధీమా పడటానికీ లేదు. లేక్ సుపీరియర్ ఒడ్డున అమెరికా వైపున్న డులూత్ రేవులో ఉక్కు రేకులు అనుకున్నదానికంటే చాలా వేగంగా, గుంటలు గుంటలుగా తినేసుకుపోతున్నాయని 1998లో గమనించారు. నీటిలోని సూక్ష్మజీవుల పాత్ర, ఉక్కు పైపొరని ఏటా గీరేసే మంచు పాత్ర దానిలో ఉన్నాయని పరిశోధనల్లో తేలింది.

చలి మాటేమిటి? క్యూబెక్‌లోని త్రువా రివియేర్ పట్టణంలో కట్టి కొన్నేళ్ళే అయిన డుప్లెసీ వంతెన 1951 జనవరి 31న గడ్డకట్టే చలిలో ఉక్కు పెళుసై విరిగి నదిలో పడింది. అందుకే కెనడా ఉక్కు ప్రమాణంలో 350 డబ్ల్యూటి లాంటి రకాలున్నాయి. అక్కడ టి అక్షరం, చలిలోనూ విరగని మొండితనాన్ని పరీక్షించి చూశారనడానికి గుర్తు.

నేల మాటేమిటి? ఇక్కడ చాలాచోట్ల మంచుయుగంలో హిమానీనదాలు తెచ్చిపోసిన గట్టి మట్టి, దాని మధ్యలో బండరాళ్ళు. రేకు రాయికి తగిలితే అంచు చితికిపోవడమో, లంకె ఊడిపోవడమో జరుగుతుంది, పైనున్నవారికి తెలియదు కూడా. అదే ఒటావా, సెయింట్ లారెన్స్ లోయల్లో లీడా క్లే అనే పాత సముద్రపు బంకమట్టి. అది కదిలించనంతవరకు గట్టి, కదిలిస్తే ద్రవం. 1971 మే 4న క్యూబెక్‌లోని సెయింట్ జాన్ వియానీ గ్రామంలో అలాంటి నేల జారి 31 మంది చనిపోయారు. ఒటావాకి తూర్పున లెమ్యూ అనే ఊరిని ఆ భయంతో ముందే ఖాళీ చేయించారు. 1993లో ఆ చోట నేల నిజంగానే జారింది. అలాంటి చోట రేకు ఏదన్నదే కాదు, దాన్ని ఏ సుత్తితో దించుతున్నామన్నది కూడా ప్రాణాలకి సంబంధించిన ప్రశ్న.

బుంగ

గోడ వంగకుండా నిలబడ్డా, నీరు దాని కిందనుంచి దారి వెతుక్కుంటుంది. మన పల్లెల్లో చెరువు కట్టకి బుంగ పడిందంటే ఊరంతా పరుగెత్తేది. చిన్న ఊటగా మొదలై, ఇసుక రేణువుల్ని ఒక్కొక్కటే తీసుకుపోయి, చివరికి గండి పడుతుంది. ఇంజనీర్లు దాన్నే పైపింగ్ అన్నారు.

ఈ శాస్త్రంలో భారతదేశానికి పెద్ద పీట ఉంది. 1898 మార్చిలో గంగానది మీది నరోరా ఆనకట్ట కింద నీటి ఒత్తిడికి దిగువ గచ్చు లేచి దెబ్బతింది. ఆ అనుభవాలనుంచే బ్లై అనే ఇంజనీరు, నీరు కట్టడం కింద ఎంత దూరం పాకితే అంత క్షేమం అని ఒక సూత్రం చెప్పాడు. మెత్తటి ఇసుకకి నీటి ఎత్తుకి 15 రెట్ల దారి, ముతక ఇసుకకి 12 రెట్లు అని లెక్క. అడ్డంగా నడిచినా నిలువుగా దిగినా ఆయన లెక్కలో ఒకటే. 1935లో అమెరికాలో లేన్, రెండు వందల పైచిలుకు ఆనకట్టల్ని పరిశీలించి, అడ్డదారి విలువ నిలువు దారిలో మూడో వంతేనన్నాడు. 1936లో ఎ. ఎన్. ఖోస్లా, ఆయన సహచరులు పంజాబు ఆనకట్టల అనుభవంతో అసలు కీలకం బయటపెట్టారు. నీరు ఎంత దూరం నడిచిందన్నది కాదు, దిగువన నేలలోనుంచి బయటపడే చోట ఎంత ఉధృతంగా ఉందన్నది చూడాలన్నారు. దిగువ చివర నిలువు గోడ లేకపోతే ఆ ఉధృతి లెక్కలో అనంతమవుతుంది. అంటే దిగువన షీట్ పైలో, అలాంటి గోడో తప్పనిసరి. ఇక్కడ రేకు ఎంపికలో అసలు కొలత మందమూ కాదు, ఎత్తూ కాదు. లోతు.

తాత్కాలికం అన్న మాట

షీట్ పైళ్ళని చాలాచోట్ల తాత్కాలిక నిర్మాణాలకి వాడతారు. పని అయ్యాక పీకేస్తారు. 'నాలుగు నెలలే కదా' అన్న మాట నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. ఆ మాట ఎంత ప్రమాదమో కెనడా చరిత్రే చెబుతుంది.

1958 జూన్ 17న వాంకూవర్‌లో, నిర్మాణంలో ఉన్న సెకండ్ నారోస్ వంతెన కూలిపోయింది. 79 మంది కార్మికులు నీళ్ళలో పడ్డారు. 18 మంది చనిపోయారు, తరవాత శరీరాల కోసం దిగిన ఈతగాడితో కలిపి 19 మంది. కూలడానికి కారణం వంతెన కాదు. దాన్ని తాత్కాలికంగా మోస్తున్న స్తంభం అడుగున అడ్డంగా పేర్చిన ఉక్కు దూలాలు. వాటి నడుమ రేకు ఎంత మోస్తుందన్న లెక్క తప్పింది, దానికి ఆనించవలసిన బిగింపు పలకలు లేవు. ఆ లెక్క చూసిన ఇంజనీర్లు కూడా ఆరోజు వంతెనతోపాటే పోయారు. ఇప్పుడు ఆ వంతెనని ఐరన్‌వర్కర్స్ మెమోరియల్ అంటున్నారు. ఒక దూలం, పట్టికలో ఒక వరస, ఒక మందం - దాని వెనక పందొమ్మిది కుటుంబాలు.

అంతకుముందు 1907 ఆగస్టు 29న క్యూబెక్ వంతెన నిర్మాణంలోనే కూలి 75 మంది చనిపోయారు. వారిలో 33 మంది కానవాగే గ్రామపు మోహాక్ తెగవారు. వంతెన సొంత బరువుని తక్కువగా లెక్కవేయడం అక్కడి ముఖ్య కారణాల్లో ఒకటి. కెనడా ఇంజనీర్లు చిటికెనవేలికి ఇనుప ఉంగరం ధరించడం మనవాళ్ళందరూ చూసే ఉంటారు. ఆ ప్రమాణ కార్యక్రమాన్ని బొంబాయిలో పుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్ రాసిచ్చాడు, 1925లో మొదలైంది. ఆ ఉంగరాల్ని కూలిన క్యూబెక్ వంతెన ఇనుముతో చేశారన్నది కట్టుకథే. కానీ గీత గీసే చేతికి ఆ ఉంగరం కాగితం మీద తగులుతూ ఉండటంలో ఉన్న హెచ్చరిక మాత్రం నిజం.

తాత్కాలిక గోడకి ఇంకో ముఖం కూడా ఉంది. సెయింట్ లారెన్స్ సీవే, జలవిద్యుత్ ప్రాజెక్టు కోసం నదిని ఆపిన ఒక కాఫర్ డ్యామ్‌ని 1958 జులై 1న, కెనడా పుట్టినరోజు నాడు పేల్చేశారు. నాలుగు రోజుల్లో నీళ్ళు నిండి ఆంటారియో ఒడ్డున కార్న్‌వాల్ దగ్గరి పల్లెలు మునిగిపోయాయి. సుమారు 6,500 మంది అంతకుముందే ఇళ్ళు వదిలి వెళ్ళవలసి వచ్చింది. వాటిని ఇప్పటికీ లాస్ట్ విలేజెస్ అంటారు. మరుసటి సంవత్సరం జూన్‌లో రాణీ ఎలిజబెత్, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కలిసి సీవేని ప్రారంభించారు. గోదావరి మీద పోలవరం ముంపు గ్రామాల వార్తలు చదివినప్పుడల్లా నాకు ఆ పల్లెలు గుర్తొస్తాయి.

పోలవరంలోనూ కథ నేల కింది గోడ చుట్టూనే తిరిగింది. అక్కడ నది ఇసుక చాలా లోతు కనక రేకులు కాకుండా కాంక్రీటు డయాఫ్రమ్ వాల్ వేశారు. 2018లో ఆ గోడ పూర్తయింది. కానీ కాఫర్ డ్యాములు పూర్తికాకుండా సందులుండగానే వరదలొచ్చాయి. ఆ సందుల్లోనుంచి దూసుకొచ్చిన నీటికి నదిగర్భం కోతపడి, గోడ కొన్నిచోట్ల దెబ్బతింది. చివరికి 2025 జనవరిలో కొత్త డయాఫ్రమ్ వాల్ పని మొదలుపెట్టవలసి వచ్చింది. ఎవరి తప్పన్న వాదనలోకి నేను వెళ్ళను. ఇంజనీరుగా నాకు కనిపించేది ఒకటే: తాత్కాలిక కట్టడం, శాశ్వత కట్టడం ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడవాలి. గోదావరికి మన క్యాలెండరుతో పని లేదు.

ఇప్పుడు సెక్షన్ ఎంచుకోవడానికి కంప్యూటరు ప్రోగ్రాములున్నాయి. మట్టి అంకెలు ఇస్తే క్షణంలో పేరు చెప్పేస్తాయి. మంచిదే. కానీ ఆ పేరులోని అంకె బరువా, బలమా అన్నది ప్రోగ్రాము మనకోసం ఆలోచించదు. నీటి మట్టం ఎండాకాలంలో తీసిందా, మంచు కరిగే ఏప్రిల్లో తీసిందా అని అడగదు. ఈ సభలకి వచ్చే మన పిల్లల్లో ఇంజనీరింగు చదువుతున్నవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఇదే. పట్టిక తెరిచేముందు నేలని చూడండి, నీటిని చూడండి, ఆ గోడ లోపల గుంతలో నిలబడి పనిచేసే మనుషుల్ని చూడండి. ఆ తరవాతే అంకె చూడండి. ధవళేశ్వరంలో ఇసుక మీద కట్టినవారికి పట్టికలు లేవు, నదిని చూసే ఓపిక ఉంది. పట్టికలున్న మనకి ఆ ఓపిక కూడా ఉంటే ఇంకేం కావాలి?